నిమ్మకాయ నలగని కారు

నిమ్మకాయ నలగలేదు.

గౌరి కారును వెనక్కి లాగి, చక్రం కింద కాయను మళ్ళీ సర్ది, పైనుంచి అరచేత్తో అదిమి ముందుకు తోసింది. కాయ నలక్కపోగా జారిపోయి, వంటింటి గచ్చు మీద దొర్లుకుంటూ ఫ్రిజ్ పక్క సందులోకి పోయింది. కారు ఓ పక్కకి ఒరిగింది. గౌరి గుండె గుభేలుమంది. పొద్దున్నే ఏమిటీ శకునం?

అది నిజం కారేమీ కాదు. తొమ్మిదేళ్ళ కూతురు పూజిత లెగో ముక్కలతో తనంతట తాను కట్టుకున్న రిమోట్ కారు. చెప్పుల జత కంటే పెద్దది కాదు. అయినా దానికి మోటార్లున్నాయి, నాలుగు చక్రాలున్నాయి, బటన్ నొక్కితే కదులుతుంది. కదిలేదేదైనా గౌరి లెక్కలో బండే. కొత్త బండి మొదటిసారి గడప దాటుతుంటే పసుపు పూసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయ తొక్కించకుండా ఎలా పంపుతారు? భర్త భీమశంకర్ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆ తంతు అంతా జరిపించింది. పక్క బ్లాకులోని అమెరికా పెద్దాయన తన కుక్కతో సహా నిలబడి చివరిదాకా చూశాడు.

ఇవాళా సగం పని బాగానే జరిగింది. కారుకి ముందు వైపు నల్లగా, నున్నగా, గుండ్రంగా ఒక బుడిపె నిలబడి ఉంది. ఆ కారుకి మొహమంటూ ఉంటే అదేననిపించింది గౌరికి. గంధంలో పసుపు కలిపి దానికి దట్టంగా పూసింది. మధ్యలో కుంకుమ పెట్టింది. ముద్దుగానే ఉంది. ఇదిగో, ఈ నిమ్మకాయ దగ్గరే వచ్చింది చిక్కు.

"అమ్మా, నా వైట్ సాక్స్ ఎక్కడున్నాయి?" లోపలి గదిలోంచి పూజిత కేక.

"మంచం మీదే పెట్టానే, కళ్ళు పెట్టి చూడు."

గౌరి గబగబా వంగి, చీపురు పుల్లతో నిమ్మకాయను సందులోంచి బయటికి లాగి, సింకులో తన గుప్పిట్లోనే పిండేసింది. దేవుడు చూస్తూనే ఉంటాడు. పిల్ల కారుకి బరువు చాలలేదని ఆయనకి మాత్రం తెలియదా? చెయ్యి తుడుచుకుని, కారును బూట్ల అట్టపెట్టెలో పెట్టి మూత వేసింది.

ఎప్పుడో గానీ గౌరికి ఇంత దడ పుట్టదు అనడానికి లేదు. దడ ఆమెకి రోజూ ఉండేదే. మైక్రోవేవ్ పక్కన నిలబడదు. ఫైర్ అలారం మోగితే ఏ బాణలీలో పోపు పెట్టినందుకో అని తెలిసినా ముందు పాస్‌పోర్టుల సంచీ అందుకుంటుంది. కానీ ఇవాళ్టి దడ వేరు. ఇవాళ స్కూల్లో ఆ కారు కదిలి తీరాలి. కదిలితేనే పూజిత నోరు విప్పుతుంది. విప్పకపోతే వచ్చే ఏడాది కూడా అదే క్లాసు.

కిందటి ఆగస్టులో తల్లీకూతుళ్ళిద్దరూ ఒంగోలు నుంచి అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చి పడ్డారు. భీమశంకర్ అంతకు రెండేళ్ళ ముందే వచ్చి ఉన్నాడు. పూజితను థర్డ్ గ్రేడ్‌లో చేర్చారు. మొదటి వారంలో టీచరు పేరు పిలవగానే, ఒంగోల్లో అలవాటైనట్టు పిల్ల ఠక్కున లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "ప్రెజెంట్ మిస్" అని గట్టిగా అంది. ఎవరూ లేవని క్లాసులో తనొక్కతే నిలబడేసరికి పిల్లలంతా నవ్వారు. చెడ్డ నవ్వేం కాదని తర్వాత టీచరే చెప్పింది. నవ్వు ఏదైతేనేం, ఆ రోజు కూర్చున్న పిల్ల మళ్ళీ ఆ గదిలో పెదవి కదపలేదు. ఇంటికొస్తే మాత్రం ఆగని వాగుడు. తలుపు తీయగానే మొదలై, నిద్రలో కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఆ మాటలన్నీ అపార్ట్‌మెంట్ గుమ్మం దాటి ఎందుకు పోవో గౌరికి అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో స్కూలు నుంచి పిలుపొచ్చింది. టీచరు పేరు మిస్ హాలోవే. పొడుగ్గా ఉంటుంది, మెత్తగా మాట్లాడే మనిషి. పూజిత తెలివైనదేననీ, లెక్కల్లో అందరికంటే ముందుందనీ, కానీ ఆ మొదటి వారం తర్వాత ఆ పిల్ల గొంతు తను విననేలేదనీ చెప్పింది. చదవమంటే చదవదు, అడిగితే చెప్పదు. ఇలాగే ఉంటే మరో ఏడాది థర్డ్ గ్రేడ్‌లోనే ఉంచడం మంచిదేమో, జూన్ మీటింగ్‌లో ఆలోచించాలి అంది. ఏప్రిల్లో పిల్లలు తాము చేసిన వస్తువులు తెచ్చి క్లాసులో చూపించే రోజొకటి ఉంది. తల్లిదండ్రులూ వస్తారు. ఆ రోజు పూజిత అందరి ముందూ నాలుగు మాటలు మాట్లాడితే చాలు, పై క్లాసుకి పంపడానికి తనకి ధైర్యం వస్తుంది అంది.

భీమశంకర్ "ష్యూర్, ష్యూర్" అన్నాడు. గౌరి "యస్" అంది. ఆవిడ ఏమడిగినా గౌరి ఆ మాటే అంది.

తిరిగొస్తూ కార్లో అడిగింది. "మళ్ళీ థర్డ్ గ్రేడ్ అంటే ఏంటండీ? ఫెయిలయినట్టేగా?"

"ఇక్కడ అలా అనరు గౌరీ."

"అనకపోతే కాకుండా పోతుందా?"

ఆమె ఎందుకడుగుతోందో భీమశంకర్‌కి తెలుసు. గౌరి ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష తప్పింది. ఆ మరుసటేడు చెల్లెలు సుధ అదే తరగతిలోకొచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. సుధ చెయ్యెత్తి జవాబు చెబుతుంటే పక్కన గౌరి తల దించుకుని పావడా అంచు నలుపుకునేది. ఎలాగో పదిదాకా ఈడ్చి చదువు ఆపేసింది. ఆ బెంచీ ఇప్పుడు సముద్రాలు దాటొచ్చి కూతురి కోసం కాచుకుని ఉందనిపించింది.

లెగో పెట్టె ఇంట్లోకొచ్చింది ఆ మరుసటి నెలలో. పై అంతస్తు విజయశ్రీ వాళ్ళు సామానంతా అమ్మేసి ఇండియా వెళ్ళిపోతుంటే, మూవింగ్ సేల్‌లో ఇడ్లీ కుక్కర్ కొనడానికి వెళ్ళింది గౌరి. "ఇదీ తీసుకెళ్ళు గౌరీ, మావాడు పెద్దాడైపోయాడు, ముట్టుకోడు," అని విజయశ్రీ ఒక ప్లాస్టిక్ డబ్బా ఊరికే చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి బోర్లిస్తే రంగురంగుల ముక్కలు, కన్నాలున్న కడ్డీలు, పళ్ళ చక్రాలు, వాటి మధ్య రెండు చిన్న మోటార్లు, బ్యాటరీ డబ్బా, రిమోట్, ఏమిటో తెలియని ఒక నల్ల బుడిపె. ఎలా కట్టాలో చెప్పే పుస్తకం మాత్రం లేదు.

పూజిత ముందు వాటిని రంగుల వారీగా పేర్చింది. తర్వాత ఆకారాల వారీగా. ఆ తర్వాత, "నేను కారు చేస్తా. నిజంగా నడిచేది," అంది.

"చేసి స్కూలుకి పట్టుకెళ్తావా? మిస్ హాలోవేకి చూపిస్తావా?" ఊపిరి బిగబట్టి అడిగింది గౌరి.

పిల్ల ఒక పళ్ళ చక్రాన్ని వేలికి తొడుక్కుని తిప్పింది. "అది నడుస్తుంటే అందరూ కారునే చూస్తారు కదమ్మా. నన్ను చూడరు. అప్పుడైతే చెప్తా."

ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది గౌరి.

కానీ కారు అంత తేలిగ్గా కాలేదు. మొదటిది మోటారు బరువుకే నడుం దగ్గర విరిగింది. రెండోది నిలబడింది గానీ, మోటారు తిరుగుతుంటే పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకోక కటకటమని జారిపోయేవి. ఆ చప్పుడు విన్నప్పుడల్లా గౌరి వంటింట్లోంచి పరుగున వచ్చేది. "ఏమైంది, కాలిందా? వాసనొస్తోందా?"

"కాలలేదమ్మా. గేర్లు దూరంగా ఉన్నాయి. ఒక కన్నం దగ్గరికి జరపాలి."

గట్టిగా బిగుసుకున్న ముక్కల్ని పూజిత పళ్ళతో ఊడదీసేది. "మింగుతావే, ఇక్కడ అంబులెన్స్ పిలవడం నాకు రాదే," అని గౌరి పక్కనే కూర్చుని పిల్ల నోటి వంక చూస్తూ చిక్కుడుకాయలు ఒలిచేది. రాత్రి భోజనాలు కాగానే కారులోంచి బ్యాటరీలన్నీ తీసి కిటికీ గట్టు మీద వరసగా పెట్టేది. అందరూ పడుకున్నాక అవి వేడెక్కి కార్పెట్ అంటుకుంటే?

"అవి టార్చిలైట్‌లో వేసే బ్యాటరీలే గౌరీ," అన్నాడు భీమశంకర్.

"టార్చిలైట్‌లోవి కూడా నేను తీసే పడుకుంటాను," అంది గౌరి.

కుడి చక్రాలకి ఒక మోటారు, ఎడమ చక్రాలకి ఒకటి. రిమోట్ మీద రెండు మీటలు. రెండూ కలిపి తోస్తే ముందుకు పోవాలి. పోలేదు. ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది, తిరిగి తిరిగి సోఫా కాలికి కొట్టుకుంది. భీమశంకర్ నవ్వబోతే గౌరి కళ్ళతోనే ఆపింది. పిల్ల కింది పెదవి లోపలికి మడిచి పంటి కింద పెట్టుకుంది. ఆ మడత గౌరికి తెలుసు. అది పడిందంటే లోపల తలుపు మూసుకున్నట్టే. కానీ ఇల్లు కాబట్టి తలుపు వెంటనే తెరుచుకుంది.

"తెలిసింది. మోటార్లు ఎదురెదురుగా పెట్టా కదా, అందుకే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిరుగుతున్నాయి." రిమోట్ మీద ఉన్న చిన్న స్విచ్ ఒకటి అటు తిప్పింది. కారు బాణంలా పోయి గౌరి మడమకి తగిలింది. గౌరి "అమ్మో" అని రెండు కాళ్ళూ సోఫా మీదికి లాక్కుంది. తండ్రీకూతుళ్ళు కార్పెట్ మీద పడి నవ్వారు.

ఆ సాయంత్రమే పూజిత తల్లికి పాఠం చెప్పింది. "కారు నడవకపోతే ఎలా చూడాలో తెలుసా? ముందు లైటు. ఇదిగో, ఈ ఆకుపచ్చ లైటు వెలిగితే బ్యాటరీ ఉన్నట్టు. తర్వాత బ్లింకు. రిమోట్ నొక్కినప్పుడు లైటు మినుకుమంటే రిమోట్ మాట కారుకి వినబడినట్టు. ఆ తర్వాత వైర్లు. ఈ నల్లది ఉంది చూడు, ఇదే కన్ను. టీవీకి ఉన్నట్టు. రిమోట్ దీనికి కనబడాలి."

"బ్యాటరీ ఎక్కువసేపు వెలిగితే పేలదు కదా?" అనడిగింది గౌరి. ఆమె చెవికెక్కింది ఆ ముక్క ఒక్కటే.

నిమ్మకాయ తంతు ముగిశాక ముగ్గురూ స్కూలుకి బయలుదేరారు. ఏప్రిల్ నెల కాబట్టి పైన్ చెట్ల పుప్పొడి ఊరంతా రాలుతోంది. పార్కింగ్‌లో ఉన్న ప్రతి కారూ పసుపు పూసినట్టుంది. భీమశంకర్ వైపర్లు వేసి అద్దం తుడిచాడు. వెనక సీట్లో పూజిత అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని, చెప్పాల్సిన నాలుగు మాటలూ పెదాలతో వల్లించుకుంటోంది.

"బ్యాటరీలు నువ్వే వేశావుగా అమ్మా? ప్లస్సూ మైనస్సూ చూసి వేశావా?"

"చూసే వేశానమ్మా." అన్న మరుక్షణం నుంచి గౌరికి అనుమానం. చూసిందా? చివరిది వేస్తుంటే కుక్కర్ కూత వేసింది. చూసిందో లేదో.

క్లాసులో పిల్లలు కార్పెట్ మీద కూర్చున్నారు. వెనక వరసలో తల్లిదండ్రుల కోసం పిల్లల కుర్చీలే వేశారు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది గౌరి. భీమశంకర్ ఆఫీసు ఫోనొస్తుందని తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఒక పిల్లవాడు వెనిగర్ పోసి అట్ట కొండలోంచి నురగ పొంగించాడు. ఒక అమ్మాయి సీసాతో మొక్కకి దానంతటదే నీళ్ళు పడేలా చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"పూజిత," అని పిలిచింది మిస్ హాలోవే.

పిల్ల లేచింది. పెట్టెలోంచి కారు తీసి నేల మీద, కారు మొహం పిల్లల వైపు ఉండేలా పెట్టింది. తను దాని వెనకాల నిలబడింది. స్విచ్ వేసింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. గౌరి ఊపిరి వదిలింది. అయితే బ్యాటరీలు సరిగ్గానే వేసింది. ఈ ఒక్కటీ దాటింది.

పూజిత కాస్త పక్కకి జరిగి, రిమోట్ చాచి రెండు మీటలూ తోసింది.

కారు కదల్లేదు.

మళ్ళీ తోసింది. మీటల టక్కుమన్న చప్పుడు గదంతా వినిపించింది. వంగి రిమోట్‌ను కారుకి ఇంకాస్త దగ్గరగా పెట్టింది. లేదు.

"ఎండ పడితే రిమోట్ పనిచెయ్యదేమో," అని తలుపు దగ్గర్నుంచి ఇంగ్లీషులో అన్నాడు భీమశంకర్. మిస్ హాలోవే వెళ్ళి పెద్ద కిటికీకి బ్లైండ్స్ దించింది. గది మసకబారింది. ఆ మసకలో ఆకుపచ్చ లైటు ఇంకా స్పష్టంగా, కదలకుండా వెలుగుతోంది. పిల్ల మళ్ళీ నొక్కింది. కార్పెట్ మీద ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్ళమ్మ వెనకనుంచి "ష్" అంది.

నిమ్మరసం. అదే అనుకుంది గౌరి. అదుముతున్నప్పుడు చుక్క కారి మోటారులోకి పోయి ఉంటుంది. లోపల ఏదో కాలిపోయింది. పిల్ల చేతిలో పేలుతుందేమో. కాయ నలగనప్పుడే ఆగాల్సింది, ఇవాళ వద్దని ఇంట్లోనే ఉంచేయాల్సింది. అయినా కాయ నలిగితే కదా రసం వచ్చేది? నలగలేదు కదా. మరి ఏమిటి?

పూజిత కింది పెదవి లోపలికి పోయింది.

ఇక్కడ ఆ మడత పడితే మళ్ళీ తెరుచుకునేది లేదు. అందరూ ఇప్పుడు కారుని చూడట్లేదు. పిల్లనే చూస్తున్నారు. పూజిత మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు పీకడం మొదలుపెట్టింది. ఒక వైరు ఊడదీసి మళ్ళీ నొక్కింది. తర్వాత పైనున్న ముక్క ఒకటి ఊడదీసి పక్కన పెట్టింది. ఇంకొకటి. ఇలాగే పోతే ఇంకాసేపట్లో అక్కడ కారు ఉండదు, ముక్కల కుప్ప ఉంటుంది.

మిస్ హాలోవే పక్కన వంగి మెల్లగా ఏదో అంది. పర్వాలేదు, తర్వాత చూద్దాం అని అయుంటుంది. తర్వాతి పిల్లవాడు తన అట్ట ఇల్లు పట్టుకుని అప్పటికే లేచి నిలబడ్డాడు.

గౌరికి పిల్ల పెదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. శబ్దం లేకుండా కదులుతున్నాయి. ముందు లైటు. తర్వాత బ్లింకు. ఆ తర్వాత వైర్లు. లైటు ఉంది. బ్లింకు లేదు. అంటే రిమోట్ మాట కారుకి వినబడలేదు. రిమోట్ దేనికి కనబడాలందీ?

కన్ను.

టీవీకి ఉన్నట్టు. ఆ నల్లటి బుడిపె. పొద్దున్న గంధమూ పసుపూ కలిపి దట్టంగా పూసి, మధ్యలో కుంకుమ అద్దింది దానికే. ఎండి పెచ్చు కట్టి ఉంటుంది. కారు మొహం అవతలికి తిరిగి ఉంది కాబట్టి వెనకనున్న పిల్లకి అది కనబడటం లేదు.

గౌరి లేచింది. చిన్న కుర్చీ ఆమెతో పాటే కాస్త లేచి దబ్బున పడింది. అందరూ వెనక్కి తిరిగారు. ఇంతమంది తెల్లవాళ్ళ కళ్ళు ఒక్కసారిగా తన మీద పడటం ఆమె ఎరగదు. ఈ గదిలో ఆమె ఇంతవరకూ "యస్" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడింది లేదు. ఏడో తరగతి బెంచీ కాళ్ళ కిందికొచ్చి నిలబడ్డట్టయింది. భర్త వైపు చూసింది. ఆయన చేతిలో ఫోను వణుకుతోంది, చెవిన పెట్టుకుని బయటికి నడుస్తున్నాడు. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆమెకి తెలియదు. తెలుసుకునే వ్యవధీ లేదు.

"పూజీ," అంది. "పూజీ, ఊడదియ్యకమ్మా. ముందుకొచ్చి దాని కన్ను చూడు. పొద్దున్న నేనే బొట్టు పెట్టాను."

పూజిత తలెత్తి తల్లిని చూసింది. ఈ చోట తన పేరు ఇంట్లోలాగా పిలవడం ఆ పిల్ల మొదటిసారి వింటోంది. మోకాళ్ళ మీదే పాకుతూ కారు ముందుకి వచ్చింది. చూసింది. వేలితో గీకింది. పసుపు పెచ్చు రాలింది.

"అమ్మా!" అంది. అది స్కూల్లో పిల్ల గొంతు కాదు, అపార్ట్‌మెంట్‌లోది. నిండుగా, చిరాగ్గా. "కంటికి బొట్టు పెడతారా ఎవరైనా? అది చూడాలని చెప్పానా లేదా? నువ్వు నేను చెప్పేది అసలు వినవు. బ్యాటరీ పేలుతుందా అని ఒక్కటే అడుగుతావు."

"కొత్త బండి కదే, మొహం అనుకున్నానే," అంది గౌరి, వంటింట్లో ఉన్నట్టే.

"మొహం వేరు, కన్ను వేరు. బానెట్ మీద పెట్టాలి. నాన్న కారుకి ఎక్కడ పెట్టావు?"

మిస్ హాలోవే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట కూడా అర్థం కాకపోయినా ఆ పిల్ల అసలు గొంతు ఆమె మొట్టమొదటిసారి వింది.

అట్ట ఇల్లు పట్టుకున్న పిల్లవాడు ముందుకి వంగి చూశాడు. వాళ్ళ ఇంటి ముందు కారు మీద కూడా ఈ నెలంతా ఉండేది అదే రంగు. "ఈజ్ దట్ పాలెన్?" అనడిగాడు, పుప్పొడేమోనని.

పూజిత వాడి వైపు తిరిగింది. అదే చిరాకులో, ఆగకుండా, "నో, ఇట్స్ టర్మరిక్. మై మామ్ పుట్ ఇట్," అంది.

"వై?"

ఇక్కడ పిల్ల ఆగింది. కింది పెదవి కొద్దిగా లోపలికి పోయింది. గౌరి పక్క కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. పెదవి సగంలో ఆగి, మళ్ళీ బయటికొచ్చింది.

పూజిత చెప్పింది. ఇంగ్లీషులోనే, తడుముకుంటూ, మధ్యలో చేతులతో చూపిస్తూ. ఇండియాలో కొత్త కారు కొంటే మొదటిరోజు దానికి పూజ చేస్తారనీ, దెబ్బ తగలకుండా ఉండాలని బొట్టు పెడతారనీ, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారనీ చెప్పింది. చెబుతూనే ఊడదీసిన ముక్కలు ఒక్కొక్కటే తిరిగి బిగించింది. తల్లి దగ్గరికొచ్చి, అడక్కుండానే ఆమె చున్నీ కొంగు లాక్కుని, కంటిని తళతళలాడేలా తుడిచింది. వేలికంటిన కుంకుమను కారు ముందున్న ఎర్ర ముక్క మీద అద్దింది.

"నిమ్మకాయ చితికిందా?" అనడిగింది మొక్క తెచ్చిన అమ్మాయి.

పూజిత వెనక్కి తిరిగింది. "అమ్మా, నిమ్మకాయ నలిగిందా?"

పిల్లలందరూ గౌరిని చూశారు. పెద్దవాళ్ళూ చూశారు. మిస్ హాలోవే కూడా జవాబు కోసం చూసింది.

"యస్," అంది గౌరి. ఈసారి అడిగిందేమిటో ఆమెకి పూర్తిగా అర్థమైంది. ఎవరి చేతిలో నలిగిందో మాత్రం ఎవరూ అడగలేదు.

పూజిత రిమోట్ నొక్కింది. ఆకుపచ్చ లైటు మినుకుమంది. కారు ఒక్క కుదుపుతో బయలుదేరింది. కార్పెట్ అంచు దాటి, నురగ కొండ పక్కగా తిరిగి, కుర్చీల మధ్యలోంచి నేరుగా గౌరి వైపు వచ్చింది. గౌరి ఒక్క కాలు ఎత్తింది గానీ రెండోది ఎత్తలేదు. కారు వచ్చి ఆమె చెప్పుకి తగిలి ఆగింది.

చప్పట్లు అయ్యాక కూడా పూజిత కూర్చోలేదు. మోటార్లు రెండెందుకో, ఒకదాన్ని తిప్పి పెడితే గుండ్రంగా ఎందుకు తిరుగుతుందో చెప్పింది. అట్ట ఇంటి పిల్లవాడు తన వంతు కోసం అలా నిలబడే ఉన్నాడు.

అందరూ వెళ్తుండగా మిస్ హాలోవే గౌరి దగ్గరికి వచ్చి చేతులు రెండూ పట్టుకుంది. అప్పటికి భీమశంకర్ తిరిగొచ్చాడు కాబట్టి ఆవిడ మాటల్ని ఆయన తెలుగులో చెప్పాడు. జూన్‌లో ఇక ఆలోచించేదేం లేదట. ఫోర్త్ గ్రేడ్ టీచర్‌కి మాత్రం చెవులు జాగ్రత్త చేసుకోమని చెబుతుందట.

"అంటే, ఎక్కువ మాట్లాడుతుందని కంప్లయింటా?" అంది గౌరి.

"జోక్ గౌరీ."

"జోకే అయితే మంచిదే."

పార్కింగ్‌లో వాళ్ళ కారు మీద అప్పుడే మళ్ళీ పసుపు పేరుకుంది. వెనక సీట్లో పూజిత కారును పెట్టెలో పెట్టకుండా ఒళ్ళోనే ఉంచుకుంది. కాసేపు కిటికీలోంచి చూసి, "అమ్మా," అంది. "నా కారు అసలు బరువే ఉండదు కదా. నిమ్మకాయ ఎలా నలిగింది?"

గౌరి ఓరకంట భర్తను చూసింది. ఆయన రోడ్డునే చూస్తున్నాడు గానీ మీసం కింద నవ్వు కదులుతోంది.

"చెప్పమ్మా."

"చేత్తో పిండాను."

పూజిత దాని గురించి శ్రద్ధగా ఆలోచించింది. కారును అరచేతిలో పైకెత్తి బరువు చూసింది. "ఇంకో బ్యాటరీ డబ్బా పెడితే సరిపోతుందేమో. ఇంటికెళ్ళాక ఇంకో నిమ్మకాయ ఇవ్వు, చూద్దాం."

ఇంకో డబ్బా అంటే ఇంకో వరస బ్యాటరీలు. కిటికీ గట్టు మీద చోటుందా అని గౌరి అప్పుడే లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది.